ఎలెఫ్సీనా గుగ్గిళ్ళు

మొన్న ఆదివారం ఇంటికి చేరాం. సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. అడుగున బార్లీ పొట్లం చిరిగి గింజలన్నీ చీరల మడతల్లోకి పోయాయి. అవి ఏరుతూనే ఇది రాస్తున్నాను. వారం ఆగితే సగం మర్చిపోతాను.

గ్రీసు వెళ్ళాం అనగానే అందరూ నీలం సముద్రం, తెల్లగోడల ఇళ్ళ ఫొటోలు అడుగుతున్నారు. మేం ఆ వైపు పోలేదు. నేనూ మా వదినా వెళ్ళింది ఏథెన్స్‌కి ఇరవై కిలోమీటర్ల అవతల, చమురు శుద్ధి కర్మాగారాల పక్కన ఉండే ఎలెఫ్సీనా అనే ఊరికి. పాత పేరు ఎలూసిస్. పాతకాలపు గ్రీకుల రహస్య దీక్ష జరిగిన చోటు. వెయ్యేళ్ళకు పైగా ఏటా అక్కడ ఒక పెద్ద హాల్లో, రాత్రిపూట, వేలమంది ఒకచోట చేరి ఏదో చూశారు. చూసింది బయట చెప్పకూడదు అన్నారు. చెప్పలేదు. రైతులు, బానిసలు, ఆడవాళ్ళు, రోమన్ చక్రవర్తులు, దాదాపు ఎవరూ నోరు విప్పలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యమంతా అదే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. మా వదిన దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇరవయ్యేళ్ళ కిందట మంత్రోపదేశం తీసుకుంది. ఆ మంత్రం ఏమిటో మా అన్నయ్యకి కూడా ఈరోజుకీ తెలీదు. అన్నయ్య మోకాళ్ళ నొప్పులని రానంటే, "నేను వెళ్తాను" అని ఆవిడే బయల్దేరింది.

నవంబర్ 17, ఏథెన్స్

దిగిన రోజే దారి తప్పాం. మెట్రో రైలు ఆగాల్సిన స్టేషన్లలో ఆగకుండా పోతోంది. స్పీకర్లో ఏదో చెబుతున్నారు, అర్థమై చావదు. చివరికి మొనాస్తిరాకిలో దిగి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ పైకొస్తే అప్పుడు తెలిసింది. 1973లో ఇదే రోజు సైనిక ప్రభుత్వం పాలిటెక్నిక్ విద్యార్థుల మీదికి ట్యాంకు పంపి గేటు కూలగొట్టించిందట. ఏటా ఈ తేదీన పెద్ద ఊరేగింపు జరుగుతుంది, స్టేషన్లు మూసేస్తారు. ఆ రోజే దిగేలా ప్లాన్ చేసుకున్న తెలివి నాది.

పేపర్లూ సిగరెట్లూ అమ్మే బడ్డీకొట్టు పెద్దాయన్ని "కెరామికోస్ ఇటేనా?" అని చేత్తో చూపించి అడిగాను. "నే, నే" అన్నాడు. కాదంటున్నాడనుకుని వెనక్కి తిరిగి పావుగంట నడిచాం. గ్రీకులో "నే" అంటే అవును! కాదనాలంటే వాళ్ళు మాట కూడా వాడరు. గడ్డం కొంచెం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో "త్స్" అంటారు, అంతే. హోటల్లో గది మార్చమంటే రిసెప్షన్ అమ్మాయి ఇదే చేసింది. నాకు పొగరుగా అనిపించింది. వదినకి మాత్రం తెగ నచ్చేసింది. "ఇన్నాళ్ళూ మీ అన్నయ్యకి కాదని చెప్పడానికి ఎన్ని మాటలు ఖర్చు పెట్టానో" అని అద్దం ముందు ప్రాక్టీసు చేసింది.

నవంబర్ 18, ఏథెన్స్

కార్తీక సోమవారం. వదిన ఉపవాసం. చుక్క కనబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. పరాయి దేశంలో ఎందుకమ్మా అంటే, "చుక్కలకి దేశమేమిటి" అంది.

జాతీయ పురావస్తు మ్యూజియం ఆ పాలిటెక్నిక్ పక్కనే. గేటు ఊచలకి నిన్నటి ఎర్ర కార్నేషన్ పూలు ఇంకా వాడకుండా వేలాడుతున్నాయి. లోపల వందల విగ్రహాలు ఉన్నాయిగానీ మేం వెతుక్కుంటూ వెళ్ళింది రెండే.

మొదటిది ఎలూసిస్‌లో 1859లో దొరికిన పెద్ద రాతి ఫలకం. రెండు మీటర్లకు పైగా ఎత్తు, క్రీ.పూ. అయిదో శతాబ్దం నాటిది. ఎడమవైపు ధాన్యలక్ష్మి లాంటి దేవత డిమీటర్, కుడివైపు ఆవిడ కూతురు పెర్సెఫొనీ కాగడాతో, మధ్యలో బట్టల్లేని కుర్రాడు ట్రిప్టోలెమోస్. భూమ్మీద మనుషులకి సేద్యం నేర్పింది ఈ కుర్రాడేనని కథ. తల్లి అతని చేతిలో ఏదో పెడుతోంది. వదిన దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "చేతిలో ఏమీ లేదే!" నిజమే. లోహంతో చేసి అతికించిన గోధుమ కంకులు ఉండేవంటారు, ఎప్పుడో ఊడిపోయాయి. ఇచ్చే చెయ్యి ఉంది, పుచ్చుకునే చెయ్యి ఉంది, ఇచ్చిన వస్తువు మాత్రం లేదు. సరదాగా వదిన కుర్రాడిలాగా చెయ్యి చాపి నిలబడింది, నేను ఫోను తీశాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో గార్డమ్మ, "నో పోజ్! నో పోజ్!" అని కేకేసింది. ఫొటో తీసుకోవచ్చు, విగ్రహం పక్కన నిలబడి భంగిమలు పెట్టకూడదు, వాళ్ళకి అది అమర్యాద. సిగ్గుపడి సారీ చెప్పి తప్పుకున్నాం.

రెండోది చిన్న మట్టి పలక, నిన్నియన్ అనే ఆడమనిషి మొక్కుగా ఇచ్చింది. దాని మీద ఎలూసిస్ దీక్షకి వెళ్ళే ఊరేగింపు బొమ్మ ఉంది. కాగడాలు, కొమ్మలు, తల మీద పాత్ర పెట్టుకుని నడిచే స్త్రీలు. బోనం ఎత్తినవాళ్ళలాగే ఉన్నారు. చుట్టం బొమ్మ చూసినట్టు చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

సాయంత్రం ఎవ్రిపీదు వీధికి వెళ్ళాం. మసాలా దినుసుల బజారు అది. ఎలూసిస్ వ్రతం పట్టినవాళ్ళు ఉపవాసం ఉండి, కికియోన్ అనే పానీయంతో విరమించేవాళ్ళు. డిమీటర్ కూతుర్ని పోగొట్టుకుని ముసలమ్మ వేషంలో తిరుగుతూ ఎలూసిస్ రాజుగారింటికి వస్తే, ద్రాక్ష సారా ఇవ్వబోయారట. వద్దని, నీళ్ళలో బార్లీ, పుదీనా జాతి ఆకూ కలిపి ఇమ్మని అడిగిందట. అదే కికియోన్. కొట్లో ఆవిడకి బార్లీ, పుదీనా అని చెప్పాను. ఎలెఫ్సీనా అనగానే ఆవిడ అర్థం చేసుకుని పకపకా నవ్వింది. అరకిలో బార్లీ, గుప్పెడు ఎండు పుదీనా, మూడు యూరోల ఇరవై సెంట్లు. మన లెక్కలో మూడువందలు దాకా. ఆ నవ్వు ఉచితం.

హోటల్ కెటిల్లో బార్లీ ఉడకబెట్టడం నేరమో కాదో తెలీదు, మేం మాత్రం చేశాం. ఆరు దాటాక డాబా మీదికెక్కితే అక్రోపోలిస్ కొండ మీద దీపాలు, దానికి కుడివైపున ఒక చుక్క. వదిన దణ్ణం పెట్టుకుని గ్లాసు ఎత్తింది. ఒక గుక్క తాగి, "ఒంటికి వేడి చేస్తే మా అమ్మ ఇచ్చే బార్లీ నీళ్ళే ఇవి. దీనికోసం ఇంతదూరమా?" అంది. బార్లీకి పట్టే ఒక రకం బూజు వల్ల వాళ్ళకి మత్తెక్కి దేవతలు కనబడ్డారని కొందరు వాదిస్తారు. మాకు సుబ్బరంగా నిద్ర పట్టింది.

నవంబర్ 19, ఇయెరా ఓదోస్

అంటే పవిత్ర మార్గం. పాతకాలంలో పేరు అదే, ఇప్పుడు ఏథెన్స్ మున్సిపాలిటీ బోర్డుల మీద పేరూ అదే. బస్సులు, టైర్ల షాపులు, పెళ్ళి బట్టల షోరూములు ఉన్న మామూలు రోడ్డు. రెండున్నర వేల ఏళ్ళుగా చిరునామా మారలేదు.

కెరామికోస్ అనే పాత శ్మశానం దగ్గర మొదలవుతుంది. కోటగోడలో పవిత్ర ద్వారం, దాని కిందుగా ఎరిదనోస్ అనే పిల్లకాలువ, గట్టున రెల్లు. వ్రతం బోయెద్రోమియోన్ నెలలో, మన భాద్రపదం, ఆశ్వయుజాల దగ్గర. ముందు నగరంలో చాటింపు వేసేవారు. చేతికి నెత్తురు అంటినవాళ్ళు, గ్రీకు రానివాళ్ళు తప్ప ఎవరైనా రావచ్చు. ఆడా మగా తేడా లేదు, బానిసలకీ అడ్డు లేదు. మర్నాడు "సముద్రానికి పదండి!" అని కేక. ఒక్కొక్కరూ ఒక పందిపిల్లని చంకనెత్తుకుని వెళ్ళి, దానితోపాటే సముద్ర స్నానం చేసి, తెచ్చి బలివ్వాలి. ఒకసారి రేవులో పందిపిల్లని కడుగుతున్నవాణ్ణి సముద్రపు మృగమేదో నడుం దాకా మింగేసిందని ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు. పాత గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకంలో ఒకడు, చచ్చేలోగా దీక్ష తీసుకోవాలి, పందిపిల్లకి మూడు డ్రాక్మాలు అప్పివ్వమని అడుగుతాడు. అప్పు చేసి యాత్రకెళ్ళడం ఎప్పట్నుంచో ఉన్నదే.

ఆ నెల 19న అందరూ కాలినడకన ఎలూసిస్‌కి బయల్దేరేవారు. మేమూ 19నే నడుస్తున్నామని నేను గర్వపడుతుంటే వదిన, "వాళ్ళ నెల వేరు కదా" అని గాలి తీసేసింది.

దారిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వస్తుంది. ప్లేటో చెట్టు అని జనం పిలుచుకున్న పాత ఆలివ్ చెట్టు ఈ రోడ్డు మీదే ఉండేది. 1976లో ఒక బస్సు గుద్దేసింది. మిగిలిన మొద్దుని ఈ యూనివర్సిటీ వాళ్ళు తీసుకెళ్ళి దాచారు. ఇంకొంచెం ముందుకెళ్తే కిఫిసోస్ నది. నది అంటున్నాగానీ కనబడేది నాలుగైదు వరసల లారీలు. నదిని కప్పేసి పైన హైవే వేశారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం జరిగింది ఇక్కడే. ఊరేగింపు వంతెన మీదికి రాగానే, తలకి ముసుగేసుకున్నవాళ్ళు అక్కడ కాపు కాసి, వచ్చేపోయేవాళ్ళలో పెద్దమనుషుల్ని పేరుపెట్టి బండబూతులు తిట్టేవాళ్ళు. తిరిగి ఏమీ అనకూడదు. ఎందుకు అంటే, దిష్టి పోవడానికి అని కొందరు, గర్వం దిగడానికి అని కొందరు. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటలు విన్నవాళ్ళకి వివరించక్కర్లేదు. డిమీటర్ దుఃఖంతో మాట్లాడకుండా కూచున్నప్పుడు ఆవిణ్ణి నవ్వించింది కూడా ఇయాంబే అనే పనిమనిషి వేసిన మోటు జోకులే.

సరే, వదినా మరదళ్ళం, మాకేం తక్కువ? హైవే రెయిలింగ్ పట్టుకుని నిలబడి మొదలుపెట్టాం. నేను ఆవిడ గురక సంగతి ఎత్తాను. ఆవిడ నా పప్పుచారు సంగతి ఎత్తింది. "అందులో పప్పు దీక్ష తీసుకుంది కాబోలు, కంటికి కనబడదు" అంది. లారీల మోతలో గొంతు చించుకుని అరుచుకుంటుంటే, సైకిల్ మీద వెళ్తున్న ఒక ముసలాయన ఆగి, నిజంగా కొట్టుకుంటున్నాం అనుకుని, మా ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు. ఎలా చెప్పాలో తెలీక ఇద్దరం నవ్వేశాం. ఆయనా తల అడ్డంగా ఊపుకుంటూ పోయాడు.

ఎగాలియో చేరేసరికి ఆకలి దంచేస్తోంది. అక్కడి మెట్రో స్టేషన్ తవ్వినప్పుడు బయటపడ్డ పాత రోడ్డు ముక్కని అలాగే ఉంచారు. చూసొచ్చి పక్క సందులో చిన్న తవెర్నాలో, అంటే భోజన హోటల్లో, కూచున్నాం. వదిన శాకాహారి. నవంబర్ 15 నుంచి క్రిస్మస్ దాకా ఇక్కడ నలభై రోజుల ఉపవాస కాలం. మాంసం, పాలు, గుడ్లు లేని వంటకి "నిస్తీసిమో" అంటారని చదువుకుని వచ్చాను. గట్టిగా నమ్మకంతో "నిస్తీసిమో!" అన్నాను. ఓనరు మెచ్చుకోలుగా చూసి, పాలకూర కూర పట్టుకొచ్చాడు. నల్లగా, నిగనిగలాడుతూ. వదిన చెంచాతో కదిపితే అందులోంచి పిల్ల కాళ్ళు బయటికొచ్చాయి. కటిల్‌ఫిష్! నెత్తురు లేని జలచరాలు వాళ్ళకి ఉపవాసంలో చెల్లుతాయట. ఆక్టోపస్, రొయ్య, ఆల్చిప్ప అన్నీ కూరగాయలే.

వదిన ఏమీ అనలేదు, ప్లేటు నా వైపు జరిపింది. అదే భయం. ఓనరుకి సంగతి అర్థమై, నెత్తి కొట్టుకుని, లోపలికి పరుగెత్తి, టమోటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, నిమ్మకాయ, ఆలివ్ నూనె పోసిన ఆకుకూర, రొట్టె తెచ్చాడు. వదిన సంచీలోంచి కందిపొడి తీసి చిక్కుడు గింజల మీద చల్లుకుంది. ఆయన వేలితో అద్దుకుని రుచి చూసి కళ్ళు మూసుకున్నాడు. బిల్లు పంతొమ్మిది యూరోలు. కటిల్‌ఫిష్‌కి డబ్బులు తీసుకోలేదు. చివర్లో అడక్కుండానే నువ్వుల హల్వా ముక్కలు. కందిపొడి డబ్బా ఆయన దగ్గరే వదిలేసి వచ్చాం.

దఫ్నీ మఠంలో బంగారు మొజాయిక్‌లు చూశాంగానీ, నిజం చెప్పాలంటే అప్పటికి నా కాళ్ళు నావి కావు.

నవంబర్ 20, ఎలెఫ్సీనా

కుముందూరు చౌక్‌లో ఏ16 బస్సు ఎక్కాం. టికెట్ ఒక యూరో ఇరవై సెంట్లు, ఆక్రోపోలిస్ నీడ నుంచి రిఫైనరీ గొట్టాల దాకా. ముప్పావుగంట పోయాక వెనక సీట్లో ఎవరో "కుముందూరు" అన్నారు. బస్సు చుట్టూ తిరిగి బయల్దేరినచోటికే వచ్చేసిందనుకుని, టెన్షన్‌తో గంట నొక్కి దిగిపోయాం. చూస్తే ఎదురుగా చెరువు. ఒడ్డున బాతులు, చెరువు వెనక చమురు ట్యాంకులు, పక్కన హైవే. చెరువు పేరు కూడా కుముందూరే! పాత ప్రధాని ఒకాయన పేరట, చౌక్‌కీ ఆయనే, చెరువుకీ ఆయనే.

అయితే ఈ తప్పు మంచి తప్పు. ఈ చెరువే పాతకాలపు రెయితోయ్. ఇందులో చేపలు పట్టే హక్కు ఎలూసిస్ పూజారులకి మాత్రమే ఉండేదని పౌసేనియస్ రాశాడు. రెండో శతాబ్దంలో గ్రీసంతా తిరిగి యాత్రాకథనం రాసిన పెద్దాయన. మాబోటివాళ్ళకి తాతగారు. పెట్రోలు బంకు కుర్రాడు బస్టాపు చూపించి, తను కొనుక్కున్న రెండు మాండరిన్ నారింజలు చేతిలో పెట్టాడు. వద్దంటే ఒప్పుకోలేదు. ఇంకో బస్సు నలభై నిమిషాలకి వచ్చింది.

శిథిలాలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. కంచె ఇవతల కాఫీ కొట్లు, అవతల రోమన్లు పరిచిన రాతి ప్రాంగణం. గుమ్మం పక్కన కాలిఖోరో బావి, గుండ్రంగా, రాళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇమిడి. ఈ బావి చుట్టూ స్త్రీలు నాట్యం చేసేవారు. కథ వదినకి ఇక్కడే చెప్పాను. పూలు కోస్తున్న పెర్సెఫొనీని పాతాళరాజు రథంలో ఎత్తుకుపోయాడు. తల్లి కోపంతో పంటలు ఆపేసింది. దేవతలకి నైవేద్యాలు ఆగిపోయి, చివరికి దేవతల రాజు జ్యూస్ దిగొచ్చాడు. పంపించేముందు భర్త ఆమె నోట్లో ఒక్క దానిమ్మ గింజ పెట్టాడు. తిన్నది కాబట్టి ఏడాదిలో మూడోవంతు అక్కడ, మిగతాది తల్లి దగ్గర.

వదిన వేళ్ళు మడిచి లెక్కేసింది. "అంటే ఎనిమిది నెలలు పుట్టింట్లోనా? ఆ అల్లుడు చాలా మంచివాడే. మనవాడు సంక్రాంతికి నాలుగు రోజులు పంపడానికి లీవు దొరకదంటాడు."

ఎత్తుకుపోయిన చోటని చెప్పే గుహ, ప్లూటోనియన్, నాలుగడుగులు ముందుకు. ఎవరో రాతి అంచు మీద దానిమ్మకాయ పెట్టి వెళ్ళారు. చీమలు పట్టి ఉంది. అది దాటితే తెలెస్తీరియన్. మనం గుడి అనుకునేది కాదు ఇది, హాలు. ఒక్కో వైపు యాభై మీటర్లకు పైగా ఉండే చతురస్రం, 42 స్తంభాలు, ఇప్పుడు వాటి మొదళ్ళే. మూడు వేలమంది పడతారని లెక్క. ఒక పక్క కొండనే తొలిచి ఎనిమిది వరసల మెట్లు చేశారు. నేను మూడో మెట్టు మీద కూచున్నాను. అంచులు అరిగి నున్నగా, మధ్యలో కొంచెం లోతుగా ఉంది. ఎంతమంది ఇక్కడే కూర్చుని చీకట్లో ఎదురుచూశారో. మధ్యలో చిన్న గది ఉండేది, అందులోకి పెద్ద పూజారి ఒక్కడే వెళ్ళాలి. ఆయన తలుపు తీసుకుని బయటికి రావడం, పెద్ద మంట వెలుగు, అంతవరకే మనకి తెలిసింది.

తెలిసిన కొసరంతా శత్రువులు రాసిందే. క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు వాళ్ళ సంకేత వాక్యం బయటపెట్టాడు: ఉపవాసమున్నాను, కికియోన్ తాగాను, పెట్టెలోంచి తీశాను, బుట్టలో పెట్టాను, మళ్ళీ పెట్టెలో పెట్టాను. ఏం తీశారో ఆయనకీ తెలీదు! ఇంకో ఆయన హిప్పోలిటస్, ఆఖర్న నిశ్శబ్దంగా చూపించేది కోసిన కంకి ఒక్కటేనని రాశాడు. పౌసేనియస్‌ తాతగారైతే, ప్రహరీ లోపలి సంగతులు రాయొద్దని కలొచ్చింది అని చెప్పి తప్పించుకున్నాడు. యాత్రాకథనం రాసేవాళ్ళు ఇంత మర్యాదగా ఉంటే ఎలా?

చెప్పినవాళ్ళకి శిక్ష మరణం. క్రీ.పూ. 415లో ఏథెన్స్ సేనాపతి ఆల్సిబయడీస్, స్నేహితుల ఇంట్లో ఈ క్రతువుని ఎగతాళిగా ఆడాడని కేసు పెట్టి, ఆయన పారిపోతే ఆస్తి వేలం వేశారు. క్రీ.పూ. 200 ప్రాంతంలో పడమటి గ్రీసులోని అకర్నేనియా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు తెలియక గుంపుతో లోపలికి వచ్చేశారు. పిచ్చి ప్రశ్నలు అడిగి దొరికిపోయారు. చంపేశారు. ఉదయం బస్సు దిగిన మా తెలివి గుర్తొచ్చి నాకు వీపు జలదరించింది.

దీక్షకి గ్రీకులో వాడే మాటకి మూలం "మ్యూయో", అంటే మూసుకోవడం, కళ్ళో నోరో. మన "మూయు"కీ దీనికీ చుట్టరికం లేదు, ఊరికే కలిశాయంతే. అయినా వినగానే వదిన నా వైపు అదోలా చూసింది.

"అదికాదు వదినా, ఇంతమంది భయపడే ఊరుకున్నారంటావా?"

"భయం ఎందుకు? మాటలదేముంది, పుస్తకాల్లో ఉంటాయి. గురువుగారు చెవిలో చెప్పినప్పుడు నాకేమయిందో అది ఎలా చెప్తాను?"

"రామానుజులు గోపురమెక్కి అందరికీ చెప్పేశారుగా?"

"ఆయనకి చెల్లింది."

ఆ మెట్ల మీద కూచుని నేను అరిస్టాటిల్ సంగతి చెప్పాను. దీక్ష తీసుకునేవాళ్ళు నేర్చుకోవడానికి కాదు, అనుభవించడానికి వెళ్తారని ఆయన అన్నట్టు పాత పుస్తకాల్లో ఉంది. "చదువుకున్నాయన" అని వదిన సర్టిఫికెట్ ఇచ్చింది.

మ్యూజియంలో ఒక ఆడమనిషి విగ్రహం, నడుం నుంచి పైభాగం. తల మీద పవిత్ర పెట్టె మోస్తోంది, దాని మీద కంకులూ పూలూ చెక్కి ఉన్నాయి. జంటలో రెండోది కేంబ్రిడ్జ్‌లో ఉంది. 1801 దాకా అది ఈ ఊళ్ళో పేడకుప్పలో మెడ దాకా కూరుకుని ఉండేది. పొలాలు పండేది ఈవిడ వల్లేనని ఊరివాళ్ళు చుట్టూ ఎరువు పోసి, పండగలకి దీపం పెట్టేవాళ్ళు. క్లార్క్ అనే ఇంగ్లీషాయన తుర్కు అధికారి దగ్గర అనుమతి సంపాదించి పట్టుకుపోయాడు. తీసుకెళ్ళే ముందు సాయంత్రం ఒక ఎద్దు కాడి తెంపుకుని వచ్చి విగ్రహాన్ని కుమ్మి, రంకెలేస్తూ పొలాల్లో పడిందట. ఆ ఓడ మునిగిపోతుందని ఊరివాళ్ళు శాపనార్థాలు పెట్టారు. ఇంగ్లండు తీరం దాకా వెళ్ళి నిజంగానే మునిగింది! విగ్రహాన్ని మాత్రం పైకి తీశారు. వదినకి ఒళ్ళు మండింది. "పేడలో ఉన్నప్పుడు దీపమైనా పెట్టారు. ఇప్పుడెవరు పెడుతున్నారు?" అంది.

అయిదింటికే చీకటి పడింది. అప్పుడు మొదలైంది మేం అసలు వచ్చిన పని. శిథిలాల పైన కొండ మీద చిన్న చర్చి ఉంది, పనగియా మెసోస్పోరీతిస్సా. విత్తనాలు సగం జల్లిన వేళ మరియమ్మ అని అర్థం. రేపు ఆవిడ పండగ, ఈ రాత్రి పూజ. ఊరంతా పాత రాళ్ళ మధ్యగా కొండెక్కి వస్తోంది. ముసలమ్మలు, స్కూలు పిల్లలు, తోలు జాకెట్లు వేసుకున్న కుర్రాళ్ళు. ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక గిన్నె, మీద తెల్లటి కుట్టుపని గుడ్డ.

మేం చర్చిలో పట్టక బయటే నిలబడ్డాం. కింద తెలెస్తీరియన్ చీకట్లో ఉంది, దాని అవతల సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు. పూజారి మంత్రాలు చదివి గిన్నెల మీద శిలువ గుర్తు వేశాడు. గుడ్డలు తీశారు. పోలిస్పోరియా అంటారు దాన్ని. గోధుమలు, శనగలు, అలసందలు, తెల్ల చిక్కుళ్ళు అన్నీ కలిపి ఉడకబెట్టి, పైన కిస్మిస్, దానిమ్మ గింజలు. గుగ్గిళ్ళు! మా పక్కనున్న నల్లచీర లాంటి నల్లగౌను ముసలమ్మ ప్లాస్టిక్ కప్పులో నింపి వదిన చేతిలో పెట్టింది. "ఖ్రోనియా పోలా" అంది, నిండు నూరేళ్ళూ అన్నట్టు. గింజలు గోరువెచ్చగా ఉన్నాయి, గోధుమ పంటికింద టప్పున పగులుతోంది, ఉప్పు లేదు, చివర్న దానిమ్మ పులుపు. వదిన కప్పులో పాలూ గుడ్లూ కాళ్ళూ ఏమీ లేవని నేను రెండుసార్లు వెతికాను.

తిరిగి చూసేసరికి వదిన చర్చి గోడకి ఒక చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు మెల్లగా కదుపుతోంది. ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది, పలకరించొద్దన్నట్టు. ఆవిడా నేనూ, భాష రానివాళ్ళం, వదిన అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాం.

నవంబర్ 21, ఎలెఫ్సీనా

పొద్దున్నే సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. తుప్పు పట్టిన ఓడలు పక్కకి ఒరిగి సగం మునిగి ఉన్నాయి, ఓడల శ్మశానం. ఎదురుగా సలామిస్ ద్వీపం. చర్చి గంటలు మోగుతున్నాయి. బండి దగ్గర రెండు కులూరి కొన్నాం, గాజులాగా గుండ్రంగా ఉండి ఒళ్ళంతా నువ్వులు అంటించిన రొట్టె, ఒక్కోటి ఎనభై సెంట్లు.

నాకు ఆగలేదు. "వదినా, ఒక్కటి అడుగుతాను. రాత్రి గోడ దగ్గర జపించింది ఆ మంత్రమేనా? ఇంతదూరం తీసుకొచ్చాను, ఇప్పుడైనా చెప్పవూ? ఇక్కడ తెలుగు వచ్చినవాళ్ళు కూడా లేరు."

వదిన నిదానంగా నములుతూనే ఉంది. పెదవుల మీద, గడ్డం మీద నువ్వులు. సముద్రం వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, గడ్డం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, "త్స్" అంది.